శస్త్రశాలలో హాస్యము: ‘మ్యాష్’ ధారావాహికయందు హాస్యకరుణముల పొందిక

హాస్యకరుణములు ఒండొంటికి విరోధులని ఆలంకారికుల మతము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున హాస్యమునకు భయానకమును, కరుణమును విరోధిరసములుగా లెక్కించినాడు. ఏడ్చువాని యెదుట పరిహాసమాడినవానిని లోకము సభ్యుడనదు. లోకమందలి ఈ మర్యాదయే శాస్త్రమందు సూత్రమైనది. అట్లుండగా, యుద్ధరంగమునకు కొలది మైళ్ల దూరమున డేరాలలో నిలిచి, గాయపడిన పడుచు సైనికుల దేహములను కోసి కుట్టు వైద్యులను నాయకులుగా చేసికొని, వారి పరిహాసములతో పదునొకండేండ్లు ప్రేక్షకులను నవ్వించిన నాటకమొకటి కలదు. అమెరికా దేశమున 1972 మొదలు 1983 వరకు ప్రసారమైన ‘మ్యాష్’ అను దూరదర్శన ధారావాహికయే అది. ఇది శాస్త్రమును ధిక్కరించిన రచనయా? లేక శాస్త్రము చెప్పిన విరోధపరిహారమునకు క్రొత్త యుదాహరణమా? ఈ ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాసమునకు లక్ష్యము. విరుదునగరము, కోవిల్పట్టి ప్రాంతముల తెలుగువారి సాహిత్యమునకును జీవితమునకును ఈ ప్రశ్నతో గల సంబంధము మున్ముందు తెలియగలదు.

యుద్ధము, గ్రంథము, నాటకము

కొరియా యుద్ధము 1950 జూను 25వ తేదీన మొదలై 1953 జూలై 27వ తేదీన యుద్ధవిరామ సంధితో ఆగినది. ‘మ్యాష్’ అనునది నాలుగు ఆంగ్లపదముల తొలి యక్షరముల కూర్పు. సంచార సైనిక శస్త్రచికిత్సాలయమని దాని భావము. సేన ముందునకు సాగిన ముందునకును, వెనుకకు తగ్గిన వెనుకకును డేరాలతో, పరికరములతో తరలిపోవు ఆసుపత్రి యది. గాయపడినవారిని హెలికాప్టర్లపై తెచ్చుట ఆ యుద్ధముననే విరివిగా వాడుకకు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆసుపత్రికి చేరిన అమెరికను క్షతగాత్రులలో నూటికి 4.5 వంతున మరణింపగా, కొరియాలో ఆ సంఖ్య 2.5కు తగ్గినది. తెగిన ధమనులను కుట్టి కాలుచేతులను నిలుపు నేర్పు అచ్చటనే పెంపొందినది.

అట్టి చికిత్సాలయములలో 8055వ దానియందు పనిచేసిన శస్త్రవైద్యుడు రిచర్డ్ హార్న్‌బర్గర్. ఆయన డబ్ల్యు. సి. హైన్జ్ సహాయముతో, ‘రిచర్డ్ హుకర్’ అను మారుపేరున తన యనుభవములను నవలగా వ్రాసి 1968లో ప్రకటించెను. 1970లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దానిని చలనచిత్రముగా తీయగా, ఆ చిత్రము కాన్ ఉత్సవమున అగ్రబహుమానము పొందినది. లారీ గెల్బార్ట్, జీన్ రేనాల్డ్స్ అనువారు దానినే ధారావాహికగా మలచిరి. సి.బి.ఎస్. సంస్థ దాని తొలి భాగమును 1972 సెప్టెంబరు 17న ప్రసారము చేసినది. అప్పటికి అమెరికా సేనలు వియత్నాములో పోరాడుచునే యుండెను. కథ కొరియాదైనను, చూచువారి మనస్సున వియత్నాము మెదలుచుండెను.

ఈ కథకు మూలమైన యుద్ధమున భారతీయ వైద్యులును పాల్గొనిరన్న విషయము మనవారికి స్మరణీయము. లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వమున 60వ పారాషూట్ ఫీల్డ్ అంబులెన్సు 1950 నవంబరులో కొరియా చేరినది. ఆ దళము ఆయుధము పట్టుటకు గాక చికిత్స చేయుటకే పంపబడినది. కొలది దినములకే ఉత్తరమునుండి ఐక్యరాజ్యసమితి సేనలు వెనుకకు తగ్గవలసి వచ్చెను. సామగ్రిని విడిచి రావలసినదని చెప్పినను ఈ దళమువారు అందుకు సమ్మతింపలేదు. విడువబడిన ఆవిరియంత్రమునొక దానిని వెదకి పట్టి, వరుసగా నిలిచి బాల్చీలతో దాని బాయిలరు నింపి, తమ వైద్యపరికరములన్నింటిని పెట్టెలకెక్కించి, తామే నడుపుకొని దక్షిణమునకు చేరిరి. 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికను పారాసైనికులతోబాటు వీరిలో కొందరు ఆకాశమునుండి దుమికి, యుద్ధరంగముననే శస్త్రచికిత్సలు చేసిరి. రంగరాజ్‌కు మహావీరచక్రము లభించినది. బాల్చీలతో యంత్రమునకు నీరు పోయుచున్న వైద్యదళమును తలచుకొన్నచో మొదట నవ్వు వచ్చును. ఆ పెట్టెలలోని పరికరములు ఎవరి ప్రాణములకై మోయబడినవో తలచినపుడు ఆ నవ్వు మారిపోవును. ‘మ్యాష్’ నాటకమున కనబడు రసస్థితి సరిగా ఇట్టిదే.

విరోధపరిహారము

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమున విరోధిరసములను ఒక్కచోట పొందుపరచు మార్గములను చెప్పినాడు. రెండు రసములకును ఆశ్రయమును వేరుచేయుట యొకటి. రెంటి నడుమ వేరొక రసమును నిలుపుట మరియొకటి. నాగానందమున శాంతశృంగారముల నడుమ అద్భుతమును నిలిపిన విధము ఇందులకు ప్రసిద్ధోదాహరణము. ఒకదానిని అంగిగాను, వేరొకదానిని అంగముగాను చేయుట ఇంకొకటి. గెల్బార్ట్ ఈ గ్రంథమును చదివియుండునని యెవరును అనరు. కాని మంచి నాటకకర్త తన పనిలో తాను కనుగొను నియమములు, శాస్త్రకారుడు లోకమును చూచి వ్రాసిన నియమములతో కలియుట వింతకాదు.

మొదట ఆశ్రయవిషయము. ఈ నాటకమున కథానాయకుడు హాక్‌ఐ పియర్స్. ఆ పాత్రను ఆలన్ ఆల్డా ధరించెను. అతడు దేనిని చూచి నవ్వును? సైన్యపు నిబంధనలను, నోటికందని భోజనమును, దూరమున సుఖముగా కూర్చుండి యుద్ధము నడుపు పెద్దలను, తన డేరాలోని సారాబట్టిని, అన్నింటికంటె మిక్కిలిగా తన్ను తాను చూచి నవ్వును. ఉద్యోగమునుండి విడుదల పొందుటకై స్త్రీవేషము వేసికొని తిరుగు క్లింగర్ అను సైనికుని చేష్టలకు ప్రేక్షకుడు నవ్వును; ఆ వేషము వెనుక ‘ఈ చోటునుండి తప్పించుకొనగోరుట పిచ్చియా, ఇచ్చట నిలువగోరుట పిచ్చియా’ అను ప్రశ్న దాగియున్నది. గాయపడి బల్లపై పరుండినవాడు మాత్రము ఎన్నడును నవ్వునకు ఆలంబనము కాడు. హాస్యమునకు ఆలంబనము యుద్ధయంత్రము. కరుణమునకు ఆలంబనము ఆ యంత్రమున పడి నలిగినవాడు.

రెండవది నడుమ నిలుచు రసము. డేరాలో పేకాట సాగుచుండును, పరిహాసములు మిన్నుముట్టును. అంతలో హెలికాప్టరు చప్పుడు వినబడును. క్షతగాత్రులు వచ్చిరని ధ్వనివర్ధకము పలుకును. చేతిలోని ముక్కలు బల్లపై పడును; అందరును పరుగెత్తుదురు. మోతలు మోయుట, ఎవరిని ముందు కోయవలెనో యెంచుట, చేతులు కడుగుకొనుట, ఈ కొలది నిమిషములలో హాస్యము తొలగి ఉత్సాహము నిలుచును. ఉత్సాహము వీరమునకు స్థాయి, ఇచ్చటిది దయావీరము. ఆ ఉత్సాహము దాటియే ప్రేక్షకుడు కరుణమును చేరును. కావున నవ్వునుండి కన్నీటికి దూకినట్లుండదు, నడిచి పోయినట్లుండును.

మూడవది అంగాంగిభావము. ఈ విషయమున ఒక చిన్న చరిత్ర కలదు. ఆనాటి అమెరికను హాస్యనాటకములకు ముందుగా ముద్రించి యుంచిన నవ్వుల ధ్వనిని చేర్చుట ఆచారము. ‘మ్యాష్’కును అట్లే చేర్చవలెనని ప్రసారసంస్థ పట్టుపట్టెను. గెల్బార్ట్, రేనాల్డ్స్ అందుల కిష్టపడలేదు. తుదకు, శస్త్రశాలలో జరుగు రంగములకు మాత్రము ఆ నవ్వు చేర్చరాదను ఒప్పందము కుదిరినది. బ్రిటనులో బి.బి.సి. సంస్థ ఆ నవ్వును పూర్తిగా తీసివేసి ప్రసారము చేసినది. వ్యాపారపు బేరమున పుట్టిన యీ నియమము కళానియమమై నిలిచినది. శస్త్రశాలలోను వైద్యులు పరిహాసమాడుదురు. కాని అచ్చట ఎవరును నవ్వరు. నవ్వు తోడులేని ఆ మాట అలసటకు, భయమునకు, చేయి వణకకుండ నిలుపుకొను పట్టుదలకు అనుభావమగును. డేరాలో హాస్యమైన మాటయే బల్లయొద్ద కరుణమునకు అంగమగును. ఈ ధారావాహికకు ప్రాణము ఈ గడపయే.

గడప దాటిన ఘట్టములు

తొలి సంవత్సరముననే, 1973 జనవరిలో ప్రసారమైన ఒక భాగమున హాక్‌ఐ బాల్యమిత్రుడు కొరియాకు వచ్చును. అతడు పత్రికారచయిత, యుద్ధమును సైనికుని కంటితో చూచి వ్రాయనెంచినవాడు. మిత్రులిరువురును పరిహాసములాడుకొందురు. కొంతసేపటికి ఆ మిత్రుడే క్షతగాత్రుడై బల్లపైకి వచ్చి హాక్‌ఐ చేతిక్రిందనే మరణించును. అధికారియగు హెన్రీ బ్లేక్ అతనిని ఊరడించుచు, యుద్ధమున పడుచువారు చచ్చుట మార్పరాని నియమమనియు, వైద్యులు దానిని మార్పలేరనియు చెప్పును. హాస్యనాటకమున నాయకుని చేతిక్రింద రోగి చనిపోవుట, నాయకుడు ఏడ్చుట ఆనాటికి కొత్త.

ఆ బ్లేక్‌కే ఆ నియమము వర్తించుట 1975 మార్చి 18న జరిగినది. మూడవ సంవత్సరపు తుదిభాగమున అతనికి విడుదల లభించును. వీడుకోలు నవ్వులతో సాగును. పిమ్మట శస్త్రశాల. రాడార్ అను గుమాస్తా లోనికి వచ్చి, బ్లేక్ ఎక్కిన విమానము జపాను సముద్రముపై కూల్చబడినదనియు, ఎవరును మిగులలేదనియు తంతిని చదువును. ఈ రంగమును నటులలో పెక్కుమందికి చిత్రీకరణకు కొంచెము ముందువరకు తెలియనీయలేదు. వార్త విన్న వైద్యులు పని ఆపరు. చేతులు కుట్టుచునే యుండును. ముసుగులపై కన్నులు మాత్రము మారును. ఎవరిచేతినుండియో పరికరమొకటి నేలజారిన చప్పుడు వినబడును. ఆ చప్పుడు తప్ప వేరు విలాపము లేదు. కరుణమును మాటలతో చెప్పక ధ్వనింపజేసిన రంగములలో ఇది యుత్తమము.

1979 నవంబరులో ప్రసారమైన భాగమునొక దానిలో తెరమూలన గడియారము కదలుచుండును. బృహద్ధమని తెగిన సైనికుని ఇరువది నిమిషములలోపల రక్షింపవలెను. లేనిచో అతని కాళ్లు పడిపోవును. ధమనీఖండము కావలెనన్న వేరొకడు మరణింపవలెను. ప్రక్కనే ప్రాణము పోవుచున్న సైనికుడొకడు కలడు. అతని మిత్రుడు అతనిని విడిచి కదలడు. ఒకని చావుకై వేచియుండుటయే వేరొకనికి చికిత్స. ఇచ్చట పరిహాసము దాదాపుగా లేదు. ప్రేక్షకుడు గడియారమును చూచుచు, తానును ఆ చావునకై తొందరపడుచున్నానని గ్రహించి సిగ్గుపడును. ప్రేక్షకుని హృదయమునే పరీక్షించుట ఇందలి గొప్పతనము.

కరిసల్ సీమలో ఇదే నియమము

విరుదునగరమునుండి సాత్తూరు మీదుగా కోవిల్పట్టి వరకును, ఆపైనను పరచుకొన్న నల్లరేగడి నేలను కరిసల్ సీమ యందురు. ఈ సీమకు పూర్వము తరలివచ్చి అడవి నరికి ఊళ్లు కట్టిన తెలుగువారి కథను తమిళమున వ్రాసినవాడు కోవిల్పట్టి చేరువ ఇడైసేవల్ గ్రామమువాడైన కి. రాజనారాయణన్. ఆయన యింటిభాష తెలుగు. ‘గోపల్ల గ్రామము’ 1976లో వెలువడినది; దానికి కొనసాగింపైన నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. గోపల్ల గ్రామమున మంగత్తాయారు అను పండు ముదుసలి పూర్వుల వలసకథను చెప్పును. ఆడపడుచు మానమును కాపాడుకొనుటకై సర్వమును విడిచి రాత్రికి రాత్రి పారిపోయిన జనుల కథ యది. అయినను ఆ గ్రామవర్ణన నిండ హాస్యమే: మనుష్యులకు పెట్టిన మారుపేర్లు, వారి వింత యలవాట్లు, వారి గొప్పలు. నగలకై గర్భిణి హత్యచేయబడిన ఘట్టమున మాత్రము ఆమె మరణము నవ్వునకు వస్తువు కాదు. ఊరివారు నవ్వునకు పాత్రులు. ఊరివారి దుఃఖము పాత్రము కాదు. ‘మ్యాష్’ శస్త్రశాల గడపయొద్ద నిలిపిన నియమమును ఈ నవల ఊరిచెరువు గట్టున నిలిపినది.

అదే ఇడైసేవల్ గ్రామమున పుట్టిన కు. అళగిరిసామి (1923–1970) వ్రాసిన ‘రాజా వచ్చియున్నాడు’ అను కథయు ఇందులకు సాక్ష్యము. పిల్లలు తమకు గలవానిని గూర్చి పంతములాడుకొను ఆటతో కథ మొదలగును. చదువరి నవ్వుచునే యుండును. దీపావళినాడు దిక్కులేని బాలుడొకడు పేదయింటికి వచ్చును; వాని పేరు రాజా. తల్లి వానిని చేరదీసి, తలంటి, పండుగకని కొన్న తువ్వాలును వానికే యిచ్చును. కలవారింటి బాలుడు తమ యింటికి రాజా వచ్చెనని గొప్ప చెప్పగా, పేదపిల్ల తమ యింటికిని రాజా వచ్చినాడనును. పిల్ల మాటకు పెదవి నవ్వును, కన్ను తడియగును. ఇచ్చట దరిద్రుడైన బాలుని చూచి రచయిత నవ్వలేదు, నవ్వనీయలేదు. గురజాడ కన్యాశుల్కమున గిరీశము మాటలకు కడుపుబ్బ నవ్వినవాడు బుచ్చమ్మ బ్రతుకును తలచి మిన్నకుండుటయు ఇట్టిదే.

ఈ సీమవారికి ఈ విచారణ పుస్తకములతో ముగియదు. అగ్గిపెట్టెలు, బాణసంచా ఇచ్చటి జీవనాధారములు. 2012 సెప్టెంబరు 5న శివకాశి చెంత ముదలిపట్టిలో బాణసంచా కర్మాగారము పేలి ముప్పదిమందికి పైగా మరణించిరి. క్షతగాత్రులు ఒక్కొక్కరుగా గాక గుంపుగా వచ్చుట, ఎవరిని ముందు చూడవలెనో వైద్యుడు క్షణములో నిర్ణయింపవలసి వచ్చుట, వాకిట బంధువులు మాట లేక నిలుచుట, ఇవి కొరియాకు మాత్రము చెందిన దృశ్యములు కావు. అట్టి దినము గడచిన రాత్రి, పని ముగించిన వైద్యుడో దాదియో ఒక మాటకు నవ్విరేని వారిని కఠినులనుట న్యాయమా? ‘మ్యాష్’ ఈ ప్రశ్నకు చెప్పిన ప్రత్యుత్తరము స్పష్టము: ఆ నవ్వు రోగిపై కానంతవరకు, అది మరునాడు మరల చేయి కడుగుకొనుటకు వలయు బలము.

దోషములు

గుణమును నిర్ణయించిన కొలబద్దయే దోషమును సైతము చూపును. నర్సులు తొలి సంవత్సరముల భాగములలో తరచుగా వైద్యుల విలాసమునకు ఉపకరణములుగా కనబడుదురు. ప్రధాన నర్సుయగు మార్గరెట్ హూలిహాన్‌ను అవమానించి నవ్వించుట మూలమైన నవలనుండియు, చలనచిత్రమునుండియు వచ్చిన మచ్చ. బలహీనుని ఆలంబనముగా గొన్న హాస్యము పరిహాసము గాక పీడనమగును. ఈ దోషమును ధారావాహిక క్రమముగా దిద్దుకొన్నది. లొరెట్టా స్విట్ నటనాబలమున మార్గరెట్ పదునొకండేండ్లలో ఒంటరితనము, బాధ్యత గల నిండు వ్యక్తిగా ఎదిగినది.

ఫ్రాంక్ బర్న్స్ పాత్రయందలి దోషము మరింత సూక్ష్మము. అతడు చేతగాని శస్త్రవైద్యుడుగా చిత్రింపబడి, ఆ చేతగానితనము నవ్వునకు కారణమగును. అతని బల్లపై పరుండినవాని గతియేమి? ఈ ప్రశ్న తోచినంతనే నవ్వు చెడును. అనగా ఇచ్చట హాస్యము గడపదాటి శస్త్రశాలలో కాలుపెట్టినది. 1977లో అతనికి బదులుగా వచ్చిన విన్చెస్టర్ గర్విష్ఠియే గాని నిపుణుడు. అతని గర్వమునకు నవ్వవచ్చును, అతని చేతిని నమ్మవచ్చును. ఈ మార్పు రసదృష్టిచే ఎంతయు ఉచితము.

కొరియావారి విషయమున దోషము పూర్తిగా తొలగలేదు. యుద్ధము వారి గడ్డపై జరిగినది. మరణించినవారిలో అత్యధికులు వారే. నాటకమున వారు పెక్కుసారులు పేరులేని రైతులుగా, కాందిశీకులుగా వచ్చిపోవుదురు. తుది సంవత్సరములలో మరియొక లోపము కానవచ్చును: యుద్ధము చెడ్డదని పాత్రలు నోరార చెప్పుట మిక్కుటమైనది. రసమును దాని పేరుతోనే చెప్పుట దోషమని మన శాస్త్రము. జారిపడిన పరికరపు చప్పుడు చేసిన పనిని ఉపన్యాసములు చేయలేకపోయినవి. మూడేండ్ల యుద్ధమును పదునొకండేండ్లు సాగదీసిన ఫలితమిది.

తుదిఘట్టము

1983 ఫిబ్రవరి 28న ప్రసారమైన రెండున్నర గంటల తుదిభాగమును సుమారు పదికోట్ల అరువది లక్షల మంది చూచిరి. దానికి దర్శకుడు ఆల్డాయే. ఆ భాగమారంభమున హాక్‌ఐ మానసిక చికిత్సాలయమున నుండును. సముద్రతీరమున విహరించి బస్సులో తిరిగివచ్చిన దినమును అతడు హాస్యముగా చెప్పును. దారిలో కాందిశీకులు ఎక్కిరి. శత్రువులు సమీపించుటచే బస్సు నిలిచి అందరును మౌనము వహింపవలసి వచ్చెను. ఒక స్త్రీ ఒడిలోని కోడి కూయుచుండగా అతడు ఆమెను గద్దించెను. ఆమె కోడిని నులిమి చంపెను. వైద్యుడు మెల్లమెల్లగా ప్రశ్నింపగా నిజము బయటపడును. అది కోడి కాదు, ఆమె బిడ్డ.

ఈ కథనమే ఆ ధారావాహిక తనపై తాను చెప్పుకొన్న తీర్పు. ఇంతకాలము దుఃఖమును భరించుటకు తోడైన హాస్యము, ఇచ్చట దుఃఖమును దాచు తెరయైనది. బిడ్డను కోడిగా మార్చినది పరిహాసశీలమైన ఆ మనస్సే. గడప చెరగిపోయినపుడు ఏమగునో నాటకకర్తలు ఎరిగియే చూపిరి. అదే భాగమున విన్చెస్టర్ ఐదుగురు చీనా వాద్యకారులకు మొజార్ట్ సంగీతమును నేర్పును. వారు మరణించిన పిమ్మట ఆ సంగీతమునందు అతనికి ఓదార్పు మిగులదు. విడుదలకై యేండ్లుగా తపించిన క్లింగర్, తాను పెండ్లాడిన కొరియా యువతికొరకు అచ్చటనే నిలిచిపోవును. ఒకని ఆశ్రయము పోయెను. ఒకని పరిహాసము ప్రేమగా మారెను.

కావున హాస్యకరుణముల విరోధము ఈ నాటకమున రద్దు కాలేదు. హద్దు తెలిసి నడపబడినది. హద్దు నిలిచినచోట ఇది గొప్ప రచన. హద్దు తప్పినచోట సామాన్యరచన. హద్దు చెరిగినపుడు కలుగు అనర్థమును తానే చూపుటచే స్మరణీయ రచన. గోపల్ల గ్రామపు ముదుసలియు, తువ్వాలు ఇచ్చిన తల్లియు, డేరాలోని వైద్యుడును ఒక్క మాటయే చెప్పుచున్నారు. బాధపడువాని ప్రక్కన నిలిచి నవ్వవచ్చును. బాధపడువానిని చూచి నవ్వరాదు.